కమిలిన చేతులు

లిడియాకు కాలు ఒకచోట నిలవక ఆరు నెలలైంది. బళ్లో పాఠం చెబుతూనే తలుపు దాకా నడిచేది, మళ్లీ వెనక్కి వచ్చేది. నిద్ర పట్టదు. చిన్న తప్పుకే పిల్లల మీద అరిచి, తరవాత తానే ఏడ్చేది. ముఖం గుండ్రంగా ఉబ్బింది. కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి. బల్ల అంచు తగిలినా చర్మం నల్లగా కమిలిపోయేది.

ఆ మచ్చల మీద చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపే తమ్ముడు స్తెఫను చెవిన పడ్డాయి. షిఫ్టు దిగి నేరుగా అక్క క్వార్టర్‌కు వచ్చి, బావ శాంతిరాజ్ కాలర్ పట్టుకున్నాడు.

“మా అక్క మీద చెయ్యి లేపుతున్నవా?”

శాంతిరాజ్ విడిపించుకోలేదు.

“ఆయన కొట్టలేదురా!” లిడియా అడ్డం వచ్చింది. “ఎవ్వలు కొట్టలేదు. నాకేమైతున్నదో నాకే తెలుస్తలేదు.”

“గట్లయితే నడు దవాఖానకు. డాక్టరే చెప్తది.”

కరీంనగర్‌లో డాక్టరమ్మ లిడియా పొట్ట మీది ఊదారంగు చారలు చూసింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లిడియా లేవలేకపోయింది.

“నొప్పులకు, ఆయాసానికి స్టెరాయిడ్ గోళీలు గిట్ల మింగినవా?”

“లేదు మేడం.”

రక్తం, ఒక రోజంతా పట్టిన మూత్రం పరీక్షించారు. స్కాన్ తీశారు. కుడి మూత్రపిండం పైనున్న గ్రంథిలో చిన్న గడ్డ కనబడింది.

“కార్టిసాల్ అని ఒక హార్మోన్. ఒంటికి కష్టమొస్తే నిలబెట్టేది అదే. ఈ గడ్డ దాన్ని ఆగకుండ వదులుతున్నది. అందుకే చర్మం పలచబడ్డది, కండ కరిగింది. కుషింగ్స్ అంటరు దీన్ని. గడ్డ తీసేస్తే తగ్గుతది.”

“మరి కోపం?” లిడియా అడిగింది.

“అది గూడ దీనితోనే.”

బయటికొచ్చాక స్తెఫను తల వంచుకున్నాడు. “తప్పయింది బావా.”

“నాకే అనుమానమొచ్చిందిరా,” అన్నాడు శాంతిరాజ్. “నిద్రల నా చెయ్యి గిట్ల తగులుతున్నదేమోనని. అందుకే ముందటి అర్రల పండుతున్న.”

లిడియా నివ్వెరపోయింది. తన ఉబ్బిన ముఖం చూడలేకే దూరంగా పడుకుంటున్నాడని ఇన్నాళ్లూ లోలోపల రగిలిపోయింది.

“ఒక్క మాట చెప్తే ఏమయ్యేది?”

“చెప్తే నువ్వు నిజమంటవేమోనని భయమైంది.”

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. వెంటనే బలం రాలేదు. ఇన్నాళ్లూ పనిలేక నిద్రపోయిన ఎడమవైపు గ్రంథి మేలుకునే దాకా నెలల తరబడి ఆ హార్మోన్ మాత్రలు వేసుకోవాలన్నారు. మొదటి వారాల్లో గ్లాసు ఎత్తడమే బరువైంది. శాంతిరాజ్ పక్కనే కూర్చుని తాగించాడు.

మళ్లీ బడికి వెళ్లిన రోజు క్లాసులో పిల్లలు గోల చేశారు. లిడియాకు కోపమొచ్చింది. ఈ కోపం తనదేనా, జబ్బుదా అని ఒక్క క్షణం తడబడి, నెమ్మదిగా పుస్తకం తెరిచింది.