తెర మీద నాలుగో చుక్క

గనిలో తిరిగే ప్రతి డంపరూ మా గదిలోని తెర మీద ఒక చుక్క. కదిలితే పచ్చగా, ఆగితే ఎర్రగా ఉంటుంది. ఏ డంపరు మట్టి తవ్వే ఏ షావెల్ యంత్రం దగ్గర మట్టి ఎత్తించుకోవాలో రేడియోలో చెప్పడం నా పని. ఇంకా ఖాయం కాని పని.

ఇంజనీరు గారు పొద్దున్నే మొహం మాడ్చుకుని వచ్చారు. "వాలు మీది షావెల్ గోళ్ళు గిల్లుకుంటోంది, దగ్గరి దాని ముందు బళ్ళు బారులు తీరుతున్నాయి. ఈ రోజూ ఇంతే అయితే ఈ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతానమ్మా. నాలుగో నంబరుని ఒక్కసారీ దూరం పంపలేదేం?"

నాలుగో నంబరు నడిపేది మా అత్తయ్య.

టీ పెట్టమంటారా అని అడగడానికే ఇంట్లో నాకు గుండె దడ. అలాంటిది అందరూ వింటుండగా వాలెక్కి దుమ్ములో పొమ్మనా? కుర్రవాళ్ళని ఒకరిద్దరిని పంపేదాన్ని. మిగతావాళ్ళు 'మీ అత్తని పంపవేం' అని దెప్పుతారని వాళ్ళనీ వదిలేశాను. కానీ ఈ పని పోతే మళ్ళీ క్యాంటీన్లో గిన్నెలే. పది కూడా పూర్తి చెయ్యనిదానికి ఇంకెవరు కుర్చీ ఇస్తారు? ఇంట్లో ఏడాది బిడ్డ.

బటన్ నొక్కాను. "నాలుగో నంబరు... అత్తయ్యా... మీరు వాలు షావెల్‌కి వెళ్ళండి."

రేడియోలో ఎవరో కిసుక్కుమన్నారు. "అయిపోయింది, కోడలు ఇవాళ ఇంటికెళ్ళినట్టే!"

"ఏమన్నావే?" అత్తయ్య గొంతు.

"వాలుకి అన్నానండీ. మీరక్కడ నిలబడితే వెనకాల అందరూ ఆగిపోతున్నారు."

"వారం నుంచీ ఇక్కడ ఈగలు తోలుకుంటున్నా! కుర్రకుంకల్ని పంపుతోంది, నన్ను పంపదు, నా చేతి మీద నమ్మకం లేదు కాబోలని లోపల్లోపల కుళ్ళి చస్తున్నా. ఈ ముక్క ఇప్పుడా చెప్పేది?"

ఎర్రచుక్క పచ్చబడి వాలెక్కింది. ఆవిడే వెళ్ళాక మిగతావాళ్ళు నోరెత్తలేదు. ఎటు పొమ్మంటే అటు పోయారు. ఆరో నంబరు డ్రైవరైతే, "మా అత్తకి కూడా ఒక మాట చెప్పి పెట్టమ్మా" అని బతిమాలాడు.

మధ్యాహ్నానికి తెర మీద బారు కరిగింది. ఇంజనీరు గారు కాసేపు చూసి, "కుర్చీ నీదేలే" అన్నారు. నేను కంగారులో బటన్ మీద వేలు తియ్యలేదు, గని గనంతా విన్నది.

"సంబరం తర్వాత," అన్నారు అత్తయ్య. "మట్టి దింపేశా. ఎటు పొమ్మంటావు?"

"మళ్ళీ వాలుకే అత్తయ్యా. నీళ్ళ ట్యాంకరు ఎదురొస్తోంది, కాస్త పక్కకి తీయండి."

"చూశాలే. నువ్వు ఆ ఆరో వాడి సంగతి చూడు, దారి మధ్యలో నిలబడ్డాడు."