కదలని అంకె

"చూశావా వదినా, మూడు నెలలుగా నా అంకె కదల్లేదు. ఎంత బుద్ధిమంతురాలినో!" అంటూ ఆడపడుచు మూడు రిపోర్టులు ముందు పరిచింది. ఇంట్లో అందరికీ ఆమె బుల్లి.

బుల్లికి లూపస్. సొంత ఒంటి మీదే దాడి చేసే యాంటీబాడీలు నెత్తుట్లో ఎన్నున్నాయో చెప్పే పరీక్షవి ఆ రిపోర్టులు. ఆ అంకె పెరిగితే తర్వాతి దెబ్బ చాలాసార్లు మూత్రపిండాల మీదే. నిలకడగా ఉందని డాక్టరమ్మ మందు సగానికి తగ్గించింది.

38.4. 38.4. 38.4.

ఆ రిపోర్టులిచ్చిన ల్యాబ్‌లోనే వదిన టెక్నీషియన్. నెత్తురు ఇంతలా చెప్పిన మాట వినడం పదకొండేళ్లలో ఆమె ఎన్నడూ చూడలేదు. బుల్లి కాళ్ల వైపు చూసింది. చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి.

"ఈ వాపు ఎప్పట్నుంచి?"

"వారమైంది. అలా గుడ్లురిమి చూడకు, భయమేస్తోంది."

మర్నాడు వదిన అందరికంటే ముందే ల్యాబ్‌కి వెళ్లి ఫ్రీజర్ తెరిచింది. పై అరలో సగం నాకి వదిలేసిన ఐస్‌క్రీం కప్పు, అందులోనే చెంచా. అది కారి, కింది అరలోని రక్తపు నమూనాల మీద జిగురుగా గడ్డకట్టింది. ఆ జిగురు గీకితే బుల్లి నంబరుతో మూడు ట్యూబులు బయటపడ్డాయి. మూతల టేపు కూడా ఊడలేదు.

"నా ఐస్‌క్రీం జాగ్రత్తమ్మా!"

వెనకాల ల్యాబ్ పెద్ద. చదవకుండానే ముద్ర కొడతాడని అందరూ స్టాంపు సారంటారు.

"వీటిని పరీక్షించనేలేదేం సార్?"

"పరీక్ష ప్లేటుకి తొంభై ఆరు గుంటలు, గుంటకో నమూనా. నిండకుండా నడిపితే కిట్టంతా దండగ. నిండేదాకా పాత అంకే వేస్తాం. అదీ నిలకడగా ఉన్నవాళ్లకే."

"నిలకడగా ఉన్నారని ఎలా తెలుసు?"

"పాత రిపోర్టులున్నాయిగా!" కప్పు అందుకుని చెంచా నాకాడు. "నా మీద ఎగరకు. కింద 'సరిచూశాను' అన్నచోట ఎవరి సంతకముందో చూసుకో."

ఆమెదే. రోజుకి నలభై కాగితాలు, పేర్లుండవు, నంబర్లే. ఫోన్లో కబుర్లాడుతూ గీకి పారేసిన సంతకాలు. రెండుసార్లు చేతులు కడుక్కుంది. అయినా ఆ జిగురు వదల్లేదనిపించింది.

ప్లేటు నిండకుండానే నడిపింది. బుల్లివి, అలాగే పడున్న మరో పదిమందివి. గుంటల్లో పసుపు రంగు చిక్కబడింది; ఎంత చిక్కనైతే అంకె అంత ఎక్కువ. బుల్లి అంకెలు మెట్లెక్కాయి: 61, 140, 290. మిగతావాళ్లలోనూ నలుగురివి పెరిగాయి. ఆ రిపోర్టులన్నీ, తన పేరూ సారు పేరూ పక్కపక్కనే రాసిన ఫిర్యాదుతో సహా, డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"అంకె బాగుందని మూత్రపరీక్ష కూడా వాయిదా వేశాను!" డాక్టరమ్మ ఫోన్ అందుకుంది. "మీ ఆడపడుచుని ఈరోజే ఆస్పత్రిలో చేర్పించండి. ఆ నలుగురినీ పిలిపిస్తాను."

సాయంత్రానికి తేలింది: మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఎంతమేరకు దక్కుతాయో మందు పనిచేస్తేగాని చెప్పలేరు.

ఆస్పత్రి మంచం మీద, వదిన కాళ్లొత్తుతుంటే, బుల్లి పాత రిపోర్టు నలిపి విసిరింది. "ఏ వెధవ ఇలా రాసింది, వదినా?"

వదిన ఆ కాగితం తీసి, సాపు చేసి, ఆమె చేతిలో పెట్టింది.

"అంకె మా సారు వేశాడు. కింద సంతకం నాది."

బుల్లి ఆ సంతకం వైపు చూసింది. తర్వాత, వదిన మళ్లీ ఒత్తబోతే, వాచిన కాళ్లను నెమ్మదిగా దుప్పట్లోకి లాక్కుంది.