రెండు రోజులు కాలిన పొడి

కల్వంలో ఎర్రపొడి నలుగుతోంది. కుడివైపు నూరు చుట్లు, ఎడమవైపు నూరు చుట్లు. పొటాషియం బ్యాటరీ కోసం చేసే ఆ పొడిని బొగ్గుపొడితో కలిపి నూరడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్లలో పొడులు మారాయి గానీ చెయ్యి మారలేదు. బొటనవేలి గోటికి పట్టిన ఎరుపు ఏ సబ్బుకూ లొంగదు. ప్రయోగశాలలో అందరికీ అతను కల్వం బాబాయ్. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు.

పక్క బల్ల దగ్గర, పరిశోధన చేసే అమ్మాయి చచ్చిపోయిన బిళ్ల బ్యాటరీని విప్పుతోంది. లోపలి తెల్లకాగితం ఎర్రబడింది. ఆ పొడితో వచ్చిన చిక్కే అది. లావుపాటి పొటాషియానికి చోటిస్తుంది గానీ బ్యాటరీలోని ద్రవంలో తనే కరిగిపోతుంది. నలభైసార్లు చార్జి చేసేసరికి చేతులెత్తేస్తుంది.

"పదకొండోది కూడా పోయింది బాబాయ్. ఆ ఒక్కటీ ఎలా బతికిందో!"

ఆ ఒక్కటి మూడు నెలల కిందటిది. ఆరువందలసార్లు చార్జి అయినా ఇంకా నడుస్తూనే ఉంది. పదిహేను రోజుల్లో అలాంటిది మళ్లీ చేసి చూపించకపోతే, అంకెలు వండి వార్చావనే అనుకోవాల్సి వస్తుందని పెద్దసారు నిన్న అందరి ముందే ఆమెను అనేశాడు.

ఎలా బతికిందో అతనికి తెలుసు. ఆ రోజు భార్యను ఆసుపత్రిలో చేర్చారని ఫోనొస్తే, ఫర్నేస్‌లో పెట్టిన పొడి సంగతి మరిచి పరుగెత్తాడు. రెండు గంటలు కాలాల్సింది రెండు రోజులు కాలింది. తీసేసరికి రంగు ముదిరిపోయింది. పారబోయడానికి చెయ్యి రాలేదు, చెప్పడానికి నోరు రాలేదు. ఆ పొడినే ఆమెకిచ్చి, ప్రయోగాల పుస్తకంలో 'రెండు గంటలు' అని రాసేశాడు. భార్య కోలుకుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మూడు నెలలు నెట్టుకొచ్చాడు. అది పిరికితనమే.

నాలుగింటికి వీడ్కోలు టీ. పెద్దసారు కప్పు పట్టుకుని లేచాడు.

"ముప్పై ఒక్క ఏళ్లలో ఈయన చేతిలో ఒక్క పొరపాటు జరగలేదు!"

అందరితో పాటు అమ్మాయి కూడా చప్పట్లు కొట్టింది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. అతను కప్పు కింద పెట్టాడు.

"ఒకటి జరిగింది సార్," అన్నాడు.

నసగకుండా అంతా చెప్పాడు. పెద్దసారు కూర్చుండిపోయాడు. అమ్మాయి కళ్లు నిండాయి.

"మూడు నెలలు నన్ను నేనే అనుమానించుకున్నాను బాబాయ్!"

"నీ తప్పేం లేదు తల్లీ. నాదే."

"వేడి ఎంత పెట్టావు?"

"నువ్వు రాసిచ్చినంతే. టైమే తేడా."

ఆమె కప్పు అక్కడే పెట్టేసి ఫర్నేస్ గదిలోకి వెళ్లిపోయింది.

అతను పుస్తకం తీసి 'గంటలు' కొట్టేశాడు. 'రోజులు' అని రాసి, ఇవాళ్టి తేదీతో సంతకం చేశాడు. కల్వం కడిగాడు. వెళ్తూ ఫర్నేస్ గది ముందు ఆగాడు. ఆమె అటు తిరిగి నిలబడి టైము పెడుతోంది.

"వెళ్తానమ్మా."

"తీయడం నేను మర్చిపోనులే బాబాయ్," అంది, ఇటు తిరక్కుండానే.

అతను తలూపి మెట్లు దిగాడు.

బల్ల మీద కల్వం బోర్లించి ఉంది. దాని కింద పరిచిన తెల్లకాగితం మీదికి, ఎంత కడిగినా పోని ఎరుపు చుక్క చుక్కగా దిగుతోంది.