పడవలో పోసిన నీళ్ళు

ఐదు రోజులు వాన వదల్లేదు. ఏరు ఎర్రమట్టినంతా మోసుకొచ్చి సరస్సులో కుమ్మరించింది. ఆ బురద చేపల తొట్టిలోకి రాకూడదని తియోంగే మొదటిరోజే సరస్సు నీళ్ళు తోడే పంపు కట్టేసింది.

మా రేవులో జాలర్ల సంఘం షెడ్డు వెనక సిమెంటు తొట్టి ఒకటుంది. దాన్ని చూసుకునేది తియోంగే. అందులో ఉన్నవి సరస్సులో చిమ్వాలా రాయి దగ్గరి పసుపు మ్బునాలు, వేలెడంత రాతిచేపలు. సన్నకన్ను వలలు మూడేళ్ళపాటు ఆ రాయిని ఊడ్చేశాయి. మిగిలిన పదకొండింటిని సంఘం వాళ్ళు మునిగి పట్టి తెచ్చి తొట్టిలో వేశారు. రెండేళ్ళలో అవి అరవై రెండయ్యాయి. మా వైపు వానలు ఏప్రిల్‌తో ఆగుతాయి; అవి వెళ్ళాక, మే నెలలో వాటిని మళ్ళీ ఆ రాయి దగ్గర వదలాలి. అక్కడిప్పుడు ఒక్కటి కూడా లేదు.

ఆరోరోజు పొద్దున తొట్టి మీదికి వంగిన తియోంగే అలాగే ఉండిపోయింది. చేపలు రెక్కలు ఒంటికి అంటించుకుని అడుగున నక్కాయి. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఒకటి రాయికేసి ఒళ్ళు రుద్దుకుని, పక్కకి ఒరిగి, మళ్ళీ లేచింది.

గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, పులుపు తేల్చే చుక్కలమందు వేసింది. సరస్సు నీళ్ళయితే నీలంగా మారాలి, పీహెచ్ ఎనిమిది దాటాలి. గొట్టం పసుపురంగుకి తిరిగింది. ఆరు. గొట్టం కడిగింది. ఇంకోసారి చూసింది. అదే పసుపు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. రోజూ అడుగున మురికి తీసినప్పుడల్లా తగ్గిన నీటికి బదులు రేకుల మీంచి కారిన వాననీళ్ళు పోసింది. తేటగా ఉన్నాయి కదా అనుకుంది. వాననీటిలో సున్నం ఉండదు. చేపల మురికి నుంచి పుట్టే పులుపుని ఆపేది ఏదీ లేక, నీళ్ళు లోలోపల పులిసిపోయాయి.

తియోంగే ఆడబిడ్డ ఫైనెస్ షెడ్డు ముందు మందాసి ఉండలు వేయించి అమ్ముతుంది. పిండి చేతులతోనే వచ్చి తొంగిచూసింది.

"ఏమైందే? పీనుగని చూసినట్టు నిలబడ్డావు?"

"నీళ్ళు పులిశాయి వదినా."

"అంతేనా! వంటసోడా ఉందిగా నా దగ్గర. గుప్పెడు వేస్తే సరి."

"వద్దు వదినా, నీకు దణ్ణం పెడతాను. చేపల పెంపకం నేర్పడానికొచ్చిన మేడమ్ చెప్పింది కదా. తొట్టిలో చేపలు విసర్జించిన విషం చాలా ఉంటుంది, అమ్మోనియా. నీళ్ళు పుల్లగా ఉన్నంతసేపు అది నిద్రపోతుంది. ఒక్కసారిగా పులుపు విరిచామా, లేచి చంపేస్తుంది. మంచినీళ్ళు తెచ్చి కొంచెం కొంచెంగా మార్చాలి."

"మేడమ్ చెప్పిందట! చేపలకి కూడా కాలేజీ చదువులు కావాలేమో ఈ కాలంలో," అంటూ ఫైనెస్ మూతి తిప్పుకుంది.

బురద లేని మంచినీళ్ళు, సరస్సులోకి పొడుచుకొచ్చిన నేలకొమ్ము దాటితేగాని దొరకవు. ముసలి యోతాముకి పెద్ద ఒంటిమాను పడవ ఉంది. తియోంగే పరుగెత్తి అతని గుమ్మం ముందు నిలబడి, కొమ్ము దాటించమంది.

"ఈ అలల్లోనా? నా ప్రాణం అంత చవగ్గా కనిపించిందా అమ్మాయ్?"

"తాతా, మధ్యాహ్నం దాటితే అవి ఉండవు."

యోతాము తెడ్డు అందుకున్నాడు. చిమ్వాలా రాయి చుట్టూ వల తిప్పినవాళ్ళలో అతనూ ఒకడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పోతూ తియోంగే వెనక్కి తిరిగి అరిచింది. "మేత వెయ్యొద్దు వదినా! ఏదీ కలపొద్దు!"

కొమ్ము అవతల నీళ్ళు తేటగా ఉన్నాయి. చుక్కలు వేస్తే చక్కటి నీలం. ఎనిమిది డబ్బాలు నింపేసరికి పడవ అంచు నీటికి జానెడు ఎత్తులో నిలిచింది. అల వచ్చినప్పుడల్లా తియోంగే డబ్బాల్ని రెండు చేతులా పట్టుకుంది. నోట్లో గుడ్లు దాచుకున్న తల్లిచేపలు నాలుగున్నాయి తొట్టిలో. భయపడితే ఉమ్మేస్తాయి. దారంతా ఆ నాలుగే కళ్ళ ముందు మెదిలాయి.

వచ్చేసరికి ఫైనెస్ తొట్టి పక్కన నేల మీద కూలబడి ఉంది. నడుముకి చుట్టుకున్న చీటీగుడ్డతో మొహం తుడుచుకుంటోంది.

"ఒరిగిపోయాయే... ఒకదాని వెనక ఒకటి. చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. మా అమ్మకి కడుపులో పులుపెక్కితే సోడానే ఇచ్చేవాళ్ళం. అదే వేశాను."

"ఎంత?"

"పొట్లమంతా."

తియోంగే తొట్టి మీదికి వంగింది. చేపలు నీటిపైకి తేలి గాలి మింగుతున్నాయి. కొన్ని పిచ్చిపట్టినట్టు గోడలకి కొట్టుకుంటున్నాయి. పది దాకా తెల్లగా తిరగబడ్డాయి. చుక్కలు వేసింది. నీలం. పొద్దున పసుపు, ఇప్పుడు నీలం. విషం లేచింది.

ఎనిమిది డబ్బాల నీళ్ళు ఆ తొట్టికి ఏ మూలకి? పోసినా విషం సగం కూడా పలచబడదు. ఆమె చేతిలోని గొట్టాన్ని మళ్ళీ చూసింది. సరస్సు నీళ్ళదీ ఇదే రంగు. అంటే ఇప్పుడు వీటిని నేరుగా మంచినీళ్ళలోకి మార్చినా పీహెచ్ దెబ్బ తగలదు.

"తాతా, డబ్బాలన్నీ పడవలో కుమ్మరించు!"

"పడవలోనా?"

"డబ్బా మూతి ఇరుకు, గాలి తగలదు. పడవలోనే పొయ్యి. త్వరగా!"

యోతాము పడవని ఇసుక మీదికి లాగించి, అడుగుని గడ్డితో రుద్ది కడిగి, నీళ్ళు పోశాడు. తియోంగే వలబుట్టతో చేపల్ని ఎత్తి, నాలుగు నాలుగుగా బకెట్లో తెచ్చి పడవలో వదిలింది. రెండు తల్లిచేపలు బుట్టలోనే గుడ్లు ఉమ్మేశాయి. మిగతా రెండూ నోరు బిగించుకునే దాటాయి.

"వదినా, ఆ గిన్నె పట్టుకో. నీళ్ళు తోడి పైనుంచి పోస్తూ ఉండు. గాలి కలవాలి."

ఫైనెస్ గిన్నె అందుకుంది. తోడింది, పోసింది. మందాసి మూకుడు కింద మంట ఆరిపోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు ఆమె వంక చూసి, వాళ్ళూ గిన్నెలందుకున్నారు. ఎవరో పడవ మీద నీడకి గుడ్డ పరిచారు. యోతాము మళ్ళీ కొమ్ము దాటి వెళ్ళాడు, ఈసారి అడిగి తెచ్చుకున్న పడవలో.

తొట్టిలో పంతొమ్మిది చచ్చాయి. పడవలో ఇంకో ఐదు. తొట్టి కడిగి కొమ్ము అవతలి నీళ్ళతో నింపి మళ్ళీ అందులో వేశాక, మూడోరోజుకి మిగిలినవి రెక్కలు విప్పి ఒకదాన్నొకటి తరుముకోవడం మొదలుపెట్టాయి. అది చూశాకే తియోంగే కూర్చుని అన్నం తిన్నది.

సంఘం కూర్చున్నప్పుడు ఆమె లేచి చెప్పింది. "వాననీళ్ళు పోసింది నేను. తప్పు నాది."

చివరి బల్ల మీంచి ఫైనెస్ లేచింది. "సోడా వేసింది నేను. దాన్ని ఒక్కదాన్నీ అనకండి." అని బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పది రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. పదకొండోరోజు ఫైనెస్ తొట్టి దగ్గరికొచ్చి, గొట్టం తనే అందుకుని, "ఎన్ని చుక్కలు?" అంది.

మే నెలలో ముప్పై ఎనిమిది చేపల్ని, నోరు బిగించుకున్న ఆ రెండు తల్లుల పిల్లల్ని ఓ పాతికని చిమ్వాలా రాయికి తీసుకెళ్ళారు. తియోంగే చేతులు మోచేతుల దాకా నీళ్ళలో ముంచి బకెట్ వంచింది. అవి వెంటనే పోలేదు. పడవ నీడలోనే కాసేపు గుంపుగా తచ్చాడాయి. ఆమె బకెట్ పక్కన పెట్టి ముందుకి వంగింది. తర్వాత ఒకటి రాయి సందులోకి దూరింది, దాని వెనక ఇంకొకటి.

"పోదామా?" అన్నాడు యోతాము.

"ఇంకొంచెం సేపు తాతా," అంది ఆమె, నీళ్ళలోంచి కళ్ళు తిప్పకుండా.