వెనక గోడకి ఎనిమిది బోల్టులు

మెకానికల్ ఇంజనీరింగ్‌లో నాకు కాలేజీ ఫస్టు వచ్చిందని రఘువీర్ కనపడ్డ ప్రతి మనిషికీ చెబుతాడు. పెళ్ళాం గొప్ప చెప్పుకునే మొగుడు దొరకడం అదృష్టమే కావచ్చు గాని, ఆ అలవాటే ఆ ఆదివారం నా కొంప ముంచింది.

చదువయ్యాక నేను స్పానరు ముట్టుకున్న పాపాన పోలేదు. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాను, అందులో ఆరేళ్ళు ఇక్కడ ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో. అయినా మనవాళ్ళ దృష్టిలో ఒకసారి మెకానికల్ చదివితే చచ్చేదాకా మెకానికలే. ఎవరింట్లో మిక్సీ ఆగినా నాకే ఫోను.

ఈసారి ఫోను చేసింది డాక్టర్ రామలింగేశ్వరరావుగారు. ఎముకల సర్జనుగా రిటైరయ్యాక ఆయన లాక్ డెర్గ్ సరస్సులో ఒక మోటారు పడవ కొన్నారు. ముప్ఫై ఏళ్ళ పాతది, కానీ లోపల రెండు పడకగదులూ వంటగదీ ఉన్నాయి. దాని వెనక ఒక చిన్న రబ్బరు పడవ ఉంటుంది, డింగీ అంటారు. ఒడ్డుకి దూరంగా ఆగినప్పుడు అందులో ఎక్కి ఒడ్డు చేరాలి. ఆ డింగీని నీళ్ళలోంచి ఎత్తడానికీ దించడానికీ ఆయన ఒక లిఫ్టు తెప్పించారు. రెండు స్టీలు చేతులు, వాటి మీద ఒక పలక. పెద్ద పడవ వెనక గోడకి ఎనిమిది బోల్టులతో బిగించాలి.

పడవలు బాగుచేసే బోట్‌యార్డులో డెక్లాన్ అనే ఆయన పడవని జూలైలో తీసుకురమ్మన్నాడట. ముందు ఆ గోడ పట్టు చూడకుండా బోల్టు వెయ్యనన్నాడట. డాక్టరు అంకుల్‌కి కోపం వచ్చింది. అప్పటికే పంతులుగారు ఆదివారం పదకొండూ ఇరవైకి ముహూర్తం పెట్టేశారు. కారు కొన్నా ఫ్రిజ్ కొన్నా బొట్టు పెట్టి గానీ వాడం కదా, లిఫ్టుకి మాత్రం మినహాయింపు ఎందుకు? ఎనిమిది కుటుంబాలకి భోజనాల పిలుపులు కూడా వెళ్ళిపోయాయి.

"మెకానికల్ కదమ్మా నీలిమా నువ్వు. పైగా సన్నగా ఉంటావు. నేనూ మీ ఆయనా బయట బోల్టు తిప్పుతాం, నువ్వు లోపల నట్టు పట్టుకుంటే చాలు. ఆ అరలోకి మా పొట్టలు పట్టవు" అన్నారు.

ఆయనకి కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. దగ్గర్లోని టాలట్‌లో మేం అద్దెకుంటున్న ఇల్లు ఆయనదే. అది దొరకక ముందు నాలుగు నెలలు ఇళ్ళ ముందు క్యూలలో నిలబడ్డాం, ముప్ఫై మంది వెనక, వానలో, పిల్లని ఎత్తుకుని. ఈ నెలాఖరుకి లీజు అయిపోతుంది. "మీరే ఉందురు గానీ, మాట్లాడుకుందాం" అని ఊరిస్తూ వస్తున్నారు. లీజు ముగిసినంత మాత్రాన ఖాళీ చేయించడానికి చట్టం ఒప్పుకోదని నాకు తెలుసు. కానీ అన్నం పెట్టి, సామాను మోయించి, ఇల్లు ఇచ్చిన పెద్దమనిషి ముందు చట్టం మాట్లాడే నోరు మాకు లేదు.

ఆదివారం ఎనిమిదిన్నరకల్లా నన్ను పడవ పొట్టలోకి దింపారు. వెనక డెక్కు మీద చదరంగా ఒక మూత, దాని కింద అర. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుంటే తప్ప కూర్చోలేను. డీజిల్ వాసన, చెమ్మ, నడుముకి గుచ్చుకుంటున్న ఏదో గొట్టం. మళ్ళీ పైకి రావాలంటే ముందు ఒక భుజం, తర్వాత రెండోది, ఎవరైనా చేతులు పట్టి లాగాలి. ఫోను జారిపోతుందని హ్యాండ్‌బ్యాగుతో సహా రఘువీర్ పైనే ఉంచేశాడు.

బయటినుంచి అంకుల్ డ్రిల్లు పెట్టారు. గోడ తొలుచుకుని దాని మొన లోపలికి వచ్చింది. నా ఒళ్ళో రాలింది చూశాను. ఆ గోడ ఇటూ అటూ ఫైబరే గాని, నడుమ చెక్క ఉంటుంది. చెక్కని తొలిస్తే పొడి పొట్టు రాలాలి. నా ఒళ్ళో పడింది మాత్రం నల్లగా, తడిగా, డికాషన్ దిగాక ఫిల్టర్లో మిగిలే పిప్పిలా ఉంది. వెనకే సన్నగా గోధుమరంగు నీళ్ళు కారాయి.

"అంకుల్, లోపల చెక్క బాగా తడిసినట్టుందండీ" అని అరిచాను.

"పడవ కదమ్మా, తడవకుండా ఎలా ఉంటుంది?" అన్నారాయన. బయట అందరూ నవ్వారు. రఘువీర్ నవ్వు అందరికన్నా పెద్దగా వినిపించింది. ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని స్పానరు అందుకున్నాను.

నట్టు కింద ఒక్కోచోట అరచేతంత స్టీలు పలక పెట్టి బిగించాలి. బిగిస్తున్నకొద్దీ ఆ పలక గోడలోకి దిగిపోతోంది. ఎక్కడా ఆగి పట్టు దొరకడం లేదు. ఆరో బోల్టు దగ్గర చిన్న స్క్రూడ్రైవరు తీసి రంధ్రం పక్కన గుచ్చాను. పిడి దాకా వెళ్ళిపోయింది. ఇంకోచోట గుచ్చాను, అక్కడా అంతే.

"అంకుల్, ఒక్కసారి లోపలికి తొంగి చూస్తారా?"

"టైము లేదమ్మా. పదిన్నర దాటింది, ఇంకా రెండు బోల్టులున్నాయి. గట్టిగా బిగించు, అదే కూర్చుంటుంది."

అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. నా తప్పంతా అక్కడే ఉంది. ఎనిమిది కుటుంబాల ముందు పెద్దాయన్ని పట్టుకుని మీ పడవ కుళ్ళిపోయిందని ఎలా అనను? పూజకి ఖాళీ డింగీని ఒకసారి దించి ఎత్తుతారు, అంతేగా. ఇంటికెళ్ళేటప్పుడు కారులో రఘువీర్‌కి చెబుతాను, అతను మెల్లగా ఆయన చెవిన వేస్తాడు. అలా నాకు నేను సర్దిచెప్పుకుంటూ మిగతా రెండూ బిగించేశాను.

నలుగురు మగవాళ్ళు డింగీని ఎత్తి లిఫ్టు పలక మీద కూర్చోబెట్టారు. నేను పైకి రావడానికి చేతులు చాచాను. అంకుల్ మొహం మూత దగ్గర కనిపించింది. అప్పటికే పట్టుపంచె కట్టేశారు.

"నువ్వు అక్కడే ఉండమ్మా. మొదటిసారి దించేటప్పుడు నూనె కారుతుందేమో చూడాలి. నీ ఎడమ పక్కన ఎర్ర తాళం చెవి ఉంది చూడు, అది తిప్పితే గానీ లిఫ్టు మోటారుకి కరెంటు రాదు. తిప్పావా? శెభాష్. పావుగంటలో అయిపోతుంది."

మూత వేసేశారు. దాని మీద చాప పరిచిన చప్పుడు, ఆ చాప మీద అంకుల్ భార్య నాగరత్నం ఆంటీ చతికిలపడిన చప్పుడు వినిపించాయి. ఆవిడ బరువుకి మూత కిర్రుమంది. చేతిలో టార్చి తప్ప నాకిక వెలుతురు లేదు.

పైన పంతులుగారు సంకల్పం మొదలుపెట్టారు. ఆయన వారమంతా డబ్లిన్‌లో ప్రాజెక్టు మేనేజరు, ఆదివారాలు పౌరోహిత్యం. గోత్రనామాలు, గంట, కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. నేను టార్చి వెలుగులో నట్ల కింది పలకలే చూస్తూ కూర్చున్నాను. డింగీ బరువుకి పై వరస బోల్టులు గోడని బయటికి లాగుతున్నాయి. ఒక పలక అంచు నా కళ్ళముందే వేలెడు గోడలోకి కుంగింది.

అప్పుడు ఆంటీ గొంతు వినిపించింది. "ఖాళీగా దించకూడదండీ. ముందు ఆడపిల్లని కూర్చోబెడితే సాక్షాత్తూ లక్ష్మీదేవి కూర్చున్నట్టు. సహస్రా, రా తల్లీ."

సహస్ర నా కూతురు. ఏడేళ్ళు.

"వద్దు!" అని అరిచాను. మూతని రెండు చేతులతో బాదాను. స్పానరుతో కొట్టాను. పైన గంట ఆగకుండా మోగుతోంది.

"కింద ఏదో చప్పుడవుతోందేంటి?" అంది ఆంటీ.

"నీలిమ బిగిస్తున్నట్టుందండీ. పని పట్టిందంటే వదలదు" అన్నాడు నా మొగుడు, గర్వంగా.

జన్మలో ఎవరి మీదా రానంత కోపం వచ్చింది అతని మీద. అంతకన్నా ఎక్కువ నా మీద వచ్చింది. డింగీలో చిన్న కాళ్ళు దిగినట్టు గోడ ఒకసారి అదిరింది. రంధ్రాల్లోంచి నీళ్ళు కారాయి. బయట సరస్సు నీళ్ళు మే నెలలో కూడా చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. లిఫ్టు ఊడితే డింగీ, దాని వెనకున్న ఇంజను, ఆ స్టీలు చేతులు, అన్నీ కలిసి పిల్ల మీదే పడతాయి. మూత ఎత్తలేను. అరిస్తే వినపడదు. మోటారు గుర్రుమంది.

ఎర్ర తాళం వెనక్కి తిప్పి బయటికి లాగేశాను.

మోటారు ఆగింది. గంట కూడా ఆగింది. అంకుల్ బటన్ రెండుసార్లు నొక్కారు. ఎవరో ఆంటీని లేపారు, చాప తీశారు, మూత తెరిచారు. వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది.

"ఏమైందమ్మా? కనెక్షన్ లూజా?"

"ముందు సహస్రని డింగీలోంచి దించండి! రఘూ, దాన్ని దించు!"

నా గొంతు విని రఘువీర్ ఇంకేమీ అడగలేదు. పిల్లని చంకలో ఇరికించుకుని డెక్కు మీదికి తెచ్చాడు. నేను ఒక్క గుక్కలో చెప్పేశాను. గోడ కుళ్ళిపోయిందనీ, బోల్టులు పట్టలేదనీ, రెండు గంటల కిందటే చూశాననీ, నోరు పెగల్లేదనీ. ఎనిమిది కుటుంబాలూ విన్నాయి.

అంకుల్ మొహం ఎర్రబడింది. "నలభై ఏళ్ళు మనుషుల ఎముకలకి స్క్రూలు బిగించినవాణ్ణి. నాకు తెలీదా?"

"గుల్లబారిన ఎముకకి బిగించేవారా అంకుల్?"

ఆంటీ చీర సర్దుకుంటూ అంది, "ఆ పిల్లకి భయమైతే మానెయ్యనివ్వండి. మన ఐశ్వర్య ఉందిగా. ముహూర్తం పోతోంది."

ఐశ్వర్య వేరేవాళ్ళ అమ్మాయి. అయిదేళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ మొహం వెలిగిపోయింది. అప్పటికే పిల్లకి నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుగుతోంది. నేను ఇంత చెప్పాక కూడా తొడుగుతోంది. పెద్దవాళ్ళు పిలిచారు కదా మరి.

"ఆ తాళం ఇలా ఇవ్వమ్మా" అన్నారు అంకుల్, చెయ్యి చాచి. తర్వాత నా వైపు చూడకుండా, "రఘువీర్, మంగళవారం ఇంటి సంగతి మాట్లాడుకోవాలి మనం. గుర్తుందిగా" అన్నారు.

రఘువీర్ మూత పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీలూ, మన పిల్ల దిగిందిగా. ఇచ్చెయ్. మళ్ళీ ఆ క్యూలు నావల్ల కాదు" అన్నాడు గుసగుసగా. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. నావల్లా కాదు. స్కూలు, స్నేహితులు, ఆ ఇంటి వెనక సహస్ర వేసిన స్ట్రాబెర్రీ మొక్క, అన్నీ గుర్తొచ్చాయి. తాళం పైకి అందిస్తే చాలు, బయటపడతాను.

"పంతులుగారూ, ముహూర్తం ఎప్పటిదాకా ఉందండీ?" అని అడిగాను.

ఆయన ఫోను చూసుకున్నారు. "పదకొండూ నలభై ఆరుకి వర్జ్యం వచ్చేస్తుందమ్మా. ఆ తర్వాత ఇక కుదరదు."

"ఇప్పుడెంతైంది?"

"ఇరవై ఎనిమిది."

తాళం పిడికిట్లో బిగించి, పిడికిలి పొట్టకీ తొడలకీ మధ్య పెట్టుకుని, తల మోకాళ్ళ మీద ఆనించాను. ఆ అరలోకి దిగే మనిషి అక్కడ ఇంకెవరూ లేరు, అందరివీ పొట్టలే. పద్దెనిమిది నిమిషాలు అలా కూర్చోవాలి.

ఎంత పొడుగు నిమిషాలో. అంకుల్ బతిమాలారు, కసిరారు. ఆంటీ ఆ మాటా ఈ మాటా అంది, మా అమ్మ పెంపకం దాకా వెళ్ళింది. ఎవరో వీడియో తీస్తున్నారు. రఘువీర్ లేచి వెళ్ళిపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, తర్వాత అవి నావి కానట్టయ్యాయి. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, తల ఎత్తకుండా. ఒకసారి మాత్రం, ఇచ్చేద్దామా అనిపించింది. నిజంగానే అనిపించింది. అప్పుడే పైన ఐశ్వర్య "ఈజ్ ఇట్ మై గో నౌ?" అంటూ, ఇక తన వంతేనా అని వాళ్ళమ్మని అడగడం వినిపించి పిడికిలి ఇంకా బిగించాను.

"వర్జ్యం వచ్చేసిందండీ" అన్నారు చివరికి పంతులుగారు. ఆయన గొంతులో ఊరట లాంటిది ఏదో ఉంది.

జనం పులిహోర వైపు కదిలారు. అంకుల్ ఒక్కరే మిగిలారు. పంచె ఎగదోపుకుని, మూత దగ్గర బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి దింపి గోడని తడిమారు. రంధ్రం పక్కన ఆయన వేలు సగందాకా దిగిపోయింది. కాసేపు అలాగే ఉంచారు. ఎన్ని వేల ఎముకలు తడిమిన వేలో అది, దానికి తెలియకపోవడమేమీ ఉండదు. బయటికి తీసి పంచెకి తుడుచుకున్నారు.

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసెయ్యండమ్మా" అన్నారు, మామూలు గొంతుతో. లేచి వెళ్ళిపోయారు.

ఇల్లు పోయింది. నేను లేవబోతే కాళ్ళు లేవలేదు. సహస్ర వచ్చి రెండు చేతులూ కిందికి చాచింది గాని దానికి నన్ను లాగేంత బలం ఎక్కడిది? "వెళ్ళి నాన్నని పిలు" అన్నాను. అది పరుగెత్తింది.

డెక్కు మీద ఐశ్వర్య కాళ్ళు నేలకేసి కొడుతూ ఏడుస్తోంది, "ఐ నెవర్ గాట్ మై గో! ఐ నెవర్ గాట్ మై గో!" అని, ఊపిరి అందనంతగా. వాళ్ళమ్మ ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోవడం లేదు. రఘువీర్ వచ్చేదాకా ఆ ఏడుపే వింటూ కూర్చున్నాను. అంత హాయిగా ఏ ఏడుపూ నా చెవిన పడలేదు.