సున్నం కింద చెయ్యి

మండపానికి ఇకమీదట సున్నం వెయ్యగూడదని సర్కారు ఉత్తరువు వచ్చిన రోజున ఊళ్లో అందరూ మౌలాలీ మొహం వంక చూశారు. చూడరూ మరి! గురజాల దగ్గరి ఆ మూల పల్లెలో, ఏటా తిరునాళ్లకు ముందు గుడి పాత రాతి మండపానికి వెల్ల వేసేది అతనే. అంతకుముందు అతని తండ్రి వేశాడు, తాత వేశాడు. సున్నపు బట్టీ వాళ్లది, ఈతకుంచె వాళ్లది. తాతలనాటి పని చేజారిపోతుంటే మనిషి కుప్పకూలతాడనో, కనీసం నాలుగు తిట్లయినా తిడతాడనో జనం ఎదురుచూశారు. మౌలాలీ ఆ రెండూ చెయ్యలేదు. "అయితే ఉన్న సున్నం గూడా గీకేస్తారా?" అని మాత్రం అడిగాడు. గీకేస్తారని చెప్పారు. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. దిగులుతో కాదు, ఆశతో.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. పాత కట్టడాలు కాపాడే శాఖ నుంచి ఓవర్సీరు మల్లేశ్వరరావు గారు ఎడ్లబండి మీద వచ్చి, మండపం ముందు బోర్డు పాతించి, ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. ఈ కంబాల మీద గుర్రాలున్నాయి, కత్తులు దూసిన వీరులున్నారు, ఎవరు ఎందుకు కట్టించారో చెప్పే అక్షరాలున్నాయి. మీ తాతముత్తాతలు భక్తి కొద్దీ ఏటేటా సున్నం కొట్టి అన్నిటినీ పూడ్చిపెట్టారు అన్నాడు. ఆయన మాట కటువే గాని మనసు మంచిది. రాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆయన కళ్లు తడి అయ్యేవి. బండెడు పుస్తకాలు చదివినవాడికి రాయి మీద అంత ప్రేమేమిటని పెద్దలు ముసిముసిగా నవ్వుకున్నారు. మౌలాలీ నవ్వలేదు. సున్నం కింద ఏముందో అని బెంగపెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ ఊళ్లో తెలిసినవాడు అతనొక్కడే.

సున్నం కింద అతని భార్య మైమూనా ఉంది.

మనిషి కాదు లెండి, మనిషి చెయ్యి. బతికున్న రోజుల్లో మైమూనా కూడా మొగుడితో పనికి వచ్చేది. సున్నం నానబెట్టడం, జల్లించడం, జిగురు కలపడం, చివరికి వెల్ల తళతళలాడేందుకు నీలిమందు కలపడం అంతా ఆమే. మౌలాలీ నిచ్చెనెక్కి కుంచె ఆడించేవాడు. చూసినవాళ్లు "ఏం పనితనం రా మౌలాలీ!" అని అతన్నే మెచ్చుకునేవాళ్లు. ఒక ఏడు పని ముగిసి సామాను సర్దుతుండగా ఆమెకు రోషం వచ్చింది. "ఎప్పుడూ నీ పేరేనా? నాదీ ఒకటి ఉండనీ" అని, నీలిమందు గిన్నెలో చెయ్యి ముంచి, నైరుతి మూల కంబం వెనక సందులోకి దూరి, మునివేళ్ల మీద లేచి, అందినంత ఎత్తున అరచెయ్యి అద్దింది. తెల్లటి సున్నం మీద నీలం చెయ్యి, ఐదు వేళ్లూ విప్పారి. గుడి కంబం మీద సాయిబుల ఆడమనిషి చెయ్యేందని ఎవరైనా గొడవ చేస్తారేమోనని మౌలాలీ భయపడ్డాడు. "ఎవరు చూస్తారులే, గోడ తప్ప" అని ఆమె నవ్వింది. ఆ వానాకాలమే ఊరిమీద కలరా గత్తర పడింది. పొద్దున మైమూనా బావుంది, సాయంత్రానికి లేదు.

మరుసటి ఏడు మౌలాలీ కుంచె పట్టలేకపోయాడు. తమ్ముడు జాన్ సాహెబ్ వచ్చి వెల్ల వేసి వెళ్లాడు. వాడికేం తెలుసు పాపం, సందులో నీలం మరకేదో కనపడితే దాని మీద ఇంకో పూత ఎక్కువే వేశాడు. ఆ తర్వాత నుంచీ మళ్లీ మౌలాలీయే. ఆ సందులోకి వచ్చేసరికి అతని కుంచె నెమ్మదించేది. పైన ఒక పొర, దాని మీద ఇంకో పొర. ఏటేటా తన చేత్తోనే ఆమెను ఇంకాస్త లోపలికి నెడుతున్నట్టుండేది. అలాగని మానేస్తే పొట్ట గడవదు. ఇంట్లో ఆమె ఫోటో లేదు. కట్టిన చీరలు గత్తర భయానికి కాల్చేశారు. మైమూనాదంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ చెయ్యొక్కటే. దాన్ని ఒక్కసారి చూడాలి. అంతే అతని కోరిక.

అందుకే ఓవర్సీరు కూలీలను కుదుర్చుకుంటుంటే మౌలాలీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"పూసినోడివి నువ్వే, గీకేవాడివీ నువ్వేనా?" అన్నాడు మల్లేశ్వరరావు గారు.

"పూసిన పాపం గీకితే పొయ్యిద్దేమో చూద్దామయ్యా" అన్నాడు మౌలాలీ. "ఒక్కటే నా మనవి. నైరుతి మూల కంబం నాకిప్పించండి."

ఎందుకని ఆయన అడగలేదు. ఇతనూ చెప్పలేదు. ఉలీ సుత్తీ ముట్టుకోవద్దని, రాయికి గీత పడితే పనిలోంచి తీసేస్తానని మాత్రం ఆయన హెచ్చరించాడు. తడి గోనెపట్టా కంబానికి చుట్టి నానబెట్టాలి. నానిన సున్నాన్ని వెదురు బద్దతో లేపాలి. ఆ మీదట కొబ్బరిపీచుతో తోమాలి. ఈ పనికి అతనికి తోడు దొరికింది ఎల్లమ్మ. ఆమె కిందటేడే నకరికల్లు నుంచి ఆ ఊరికి కోడలుగా వచ్చింది. నోరు పెద్దది, చెయ్యి చురుకు.

ముందు వరస కంబాలు గీకినన్నాళ్లూ మౌలాలీ ఒళ్లు ఇక్కడ, మనసు అక్కడ. గుర్రం డెక్కలు బయటపడితే ఓవర్సీరు చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఎల్లమ్మ కూడా పని ఆపి వింతగా చూసింది. ఇతను తలెత్తలేదు.

"ఏంది మామా, ఈ మధ్య నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?" అంది ఎల్లమ్మ ఒక మధ్యాహ్నం, సద్దిమూట విప్పుతూ.

"మా ఇంటిది గుర్తొచ్చింది."

"ఎట్టా ఉండేది మామా అత్త? నేను చూళ్లేదుగా."

ఇన్నేళ్లకు ఒకరు అడిగారు. మౌలాలీ నోరు ఆగలేదు. "ఆహా, మనిషంటే మనిషే. నిలువెత్తు. నా భుజం దాటి ఉండేది. ఎదురుగా నిలబడితే కళ్లల్లో కళ్లు పెట్టి మాట్టాడేది. నడిచొస్తంటే వీధి వీధంతా తప్పుకునేది."

"చచ్చినోళ్ల కళ్లు చారెడని ఊరికే అన్లా" అని ఎల్లమ్మ పకపకా నవ్వింది.

మౌలాలీకి కోపం వచ్చింది. "నీకేం తెలుసే! ఎనకటి మనుషులు నీలాగా ఉండేవాళ్లనుకున్నావా?" అని లేచి పోయాడు. అతను అబద్ధమాడలేదు, అది మాత్రం నేను ఒప్పుకుంటాను. ఇన్నేళ్లూ ఒంటరి ఇంట్లో తలుచుకుని తలుచుకుని అతని లెక్కలో మైమూనా అలాగే పెరిగింది.

చివరికి నైరుతి మూల కంబం వంతు వచ్చింది. వెనక సందులో ఒక మనిషికే చోటు. మౌలాలీ బొగ్గుముక్క తీసుకుని, తన నెత్తి మీద బెత్తెడు పైన అడ్డంగా గీత గీశాడు. మునివేళ్ల మీద లేచిన మైమూనా చెయ్యి ఆ గీతకు పైనే ఉండి తీరాలని అతని నమ్మకం.

"ఏమే ఎల్లీ, ఇదిగో చూడు. గీతకి కింద నీది. పైన నాది. పైన ఒక్క బద్ద గూడా వెయ్యబాకు."

"నీ భాగానికి నేనెందుకొస్తా మామా, నా భాగానికే నడుం పడిపోతంటే!"

ఆ రోజంతా అతను నిచ్చెన మీదే ఉన్నాడు. చంటిబిడ్డకు తల దువ్వినట్టు బద్ద ఆడించాడు. తను వేసిన పొరలు పల్చగా లేచొచ్చాయి. వాటి కింద జాన్ సాహెబ్ పూత తగిలింది. రొట్టెకు నెయ్యి పట్టించినట్టు మందంగా పూయడం వాడికే చెల్లు. ఇంక దాని కిందే.  బద్ద దూర్చి ఆ పెచ్చు లేపాడు. తెలుపు. దాని పక్కన ఇంకో పెచ్చు లేపాడు, అదీ తెలుపే. పొద్దుగూకే వేళకు గీత నుంచి జానెడు పైదాకా ఒలిచాడు. ఎక్కడా నీలం లేదు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే ఇంకా పైకి వెళ్లాడు. దూలం దాకా ఒలిచాడు. అంత ఎత్తుకు మైమూనాయే కాదు, ఏ మనిషీ అందుకోలేడని తెలుస్తూనే ఉంది. అయినా ఒలిచాడు. రాతి మీద ఏవో తీగలు, పువ్వులు బయటపడ్డాయి. అతనికి అవి అక్కర్లేదు. నమాజుకు వేళయితే నిచ్చెన దిగి, ఎల్లమ్మకు చోటిచ్చి, మసీదుకు బయల్దేరాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. కంబం పొరపాటు పడ్డానా? జాన్ సాహెబ్ పూసే ముందు చెరిపేశాడా? అసలు ఆమె చెయ్యి అద్దడం జరిగిందా, లేక బెంగ కొద్దీ తనే కల్పించుకున్నాడా? నమాజులో కూర్చున్నాడే గాని అల్లాను అడిగింది ఒక్కటే. స్వర్గం వద్దు, ఆ చెయ్యి చూపించు అని.

తిరిగొచ్చేసరికి ఎల్లమ్మ సందులోంచి బయటికొస్తూ నడుం విరుచుకుంటోంది.

"అయిపొయ్యినట్టే మామా. నీ గీత దగ్గిరదాకా వచ్చేశా. ఆ గీతకి కిందుగా ఏదో నీలిమరక, ఒక పట్టాన వదిలితేనా! పీచు అరిగిందాకా తోమా. ఎవరో చెయ్యి తుడుచుకున్నట్టుంది."

మౌలాలీకి ఆ మాట వినపడింది గాని అర్థమయ్యేందుకు కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమెను పక్కకు నెట్టి సందులోకి దూరాడు.

కింది నుంచి పైదాకా రాయి నల్లగా, శుభ్రంగా తేలింది. కత్తి పట్టుకున్న వీరుడొకడు ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. అతని తల పక్కన, బొగ్గు గీతకు దిగువన, తోమకుండా మిగిలిన కాస్త సున్నం మీద రెండు నీలం చుక్కలు కనపడ్డాయి. రెండు వేళ్ల కొసలు. అంతే మిగిలింది. అరచెయ్యి, బొటనవేలు, మిగతా వేళ్లు అన్నీ నీళ్లలో కలిసి, ఎల్లమ్మ కాళ్ల కింద బురదలో నీలంగా పారుతున్నాయి.

ఏడుపు రాలేదు. ఎల్లమ్మ మీద కోపం తెచ్చుకుందామన్నా గీత గీసింది ఎవరు? ఎల్లమ్మ భాగానికి మైమూనాను అప్పగించింది తన చెయ్యే. ఆమె పొడుగు తప్పు చెప్పింది తన మనసే.

ఆ చుక్కల్ని దగ్గరగా చూద్దామని అతను కంబానికి ఎదురుగా తిన్నగా నిలబడ్డాడు. మెడ ఎత్తాల్సిన పని లేకపోయింది. వేళ్ల కొసలు సరిగ్గా అతని కనుబొమల ఎదుట ఉన్నాయి.

మునివేళ్ల మీద నిక్కి, చెయ్యి బారచాచి, ప్రాణమంతా పెట్టి అందుకుంటే ఆమెకు అందింది ఇంతేనన్నమాట. ఆ వేళ్ల నుంచి కిందికి కొలిచాడు. ఇక్కడ మణికట్టు. ఇక్కడ మోచెయ్యి. ఇక్కడ భుజం. మడమలు నేలకు దించితే తల ఇదిగో, ఇక్కడికి. అతని చెయ్యి వచ్చి తన రొమ్ము దగ్గర ఆగింది. ఆ ఎత్తు తగలగానే ఇన్నేళ్లుగా ఎక్కడ దాక్కుందో ఆ మొహం ఒక్కసారి పైకి లేచింది. కొంగు జారిన నెత్తి, నుదుట అంటిన సున్నపు చుక్క, దెబ్బలాటకైనా నవ్వుకైనా మెడ వెనక్కి వాల్చి పైకి చూసే ఆ చూపు. ఆమె కళ్లల్లో కళ్లు పెట్టి ఏనాడు చూసింది? తనే గదా, ప్రతిసారీ వంగింది!

"ఏమైంది మామా? తప్పు చేశానా?" ఎల్లమ్మ గొంతు బెదిరింది.

"లేదమ్మా. నేనే తప్పు చెప్పా." మౌలాలీ వెనక్కి తిరగలేదు. "మా మైమూనా పొడుగేం కాదే ఎల్లీ. చానా పొట్టిది. ఇదిగో, ఇక్కడికొచ్చేది నాకు. మరిచేపొయ్యా."

ఓవర్సీరు బయటి నుంచి, ఆ కంబం పనయిందా అని కేకేస్తున్నాడు. మౌలాలీ తల వంచి, తన రొమ్ము ఎత్తున ఎవరూ లేని ఆ చోటికేసి చూస్తూ, అప్పుడు ఏడ్చాడు.