గాజు పళ్లెంలో అత్తగారు

కోడలు పొద్దున్నే ల్యాబుకి వచ్చి, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, ఇంక్యుబేటర్ తలుపు తీసిందో లేదో, లోపల్నుంచి అత్తగారు మొదలుపెట్టేది. తలుపు బార్లా తెరిస్తే చలెయ్యదా, నిన్నటి నీళ్లు ఇంకా మార్చలేదేం, అంటూ. అసలు అత్తగారు ఇంట్లో మంచం మీద ఉంది. ఇక్కడ గాజు పళ్లెంలో పెరుగుతున్నవి ఆవిడ మెదడులోంచి ఆపరేషన్ చేసి తీసిన క్యాన్సర్ కణాలు. పక్క పళ్లెంలో ఒకాయన గురకపెట్టేవాడు, పై అరలో ఒకావిడ కూనిరాగం తీసేది. వాళ్లతో ఏ పేచీ లేదు. ప్రాణం తోడేసేది ఈవిడే.

తీసేసిన కణితి మళ్లీ వచ్చింది. ఇంకోసారి కత్తి పెట్టడం కుదరదని డాక్టర్లు చేతులెత్తేశారు. ఒక్క మందుకి లొంగే జబ్బు కాదు కాబట్టి, రెండేసి మందులు కలిపి ఆ కణాల మీద పరీక్షించడం కోడలి పని. ఏ జంట వేసినా పళ్లెం ఆ పూటకి నసిగి, మర్నాడు రెట్టింపు గొంతుతో లేచేది. ల్యాబు పెద్దాయన చెవుల్లో దూది పెట్టుకుని వచ్చి, ఇంకో జంట చూడమనేవాడు. ఇంట్లోనూ ఆ నోరే, ఇక్కడా ఆ నోరేనా అని కోడలికి ఒళ్లు మండిపోయేది. మందుల జంటలు అయిపోవస్తున్నాయి, అత్తగారి టైమూ అయిపోవస్తోంది. విసుగు వెనక అసలు భయం అదే.

ఒకరోజు సాయంత్రం ఇంట్లో అత్తగారు మాత్ర మింగనని మొండికేసింది. ఆవిడకి గిట్టదని తెలిసీ మామగారు లేచి వెళ్లి కిటికీ తెరిచాడు. ఆవిడ ఆయన మీద విరుచుకుపడుతుంటే కోడలికి కనుసైగ చేశాడు. కోడలు మాత్ర నోటికి అందించింది. అత్తగారు తిట్ల మధ్యే గుటుక్కున మింగేసింది.

"ఇద్దరం ఒకేసారి బతిమాలితే వినరేం మామయ్యా?" వంటింట్లో అడిగింది కోడలు.

"ఇద్దరినీ కలిపి కడిగేస్తుంది. ముందు ఒకళ్లతో తగువులో పడనివ్వాలమ్మా. అప్పుడు రెండోవాళ్లు ఏం చేసినా పట్టించుకోదు."

కోడలికి తన మీద తనకే కోపమొచ్చింది. కలిపి ఇచ్చే వైద్యం అన్నారని, ఇన్నాళ్లూ రెండు మందుల్నీ ఒకేసారి పోస్తోంది. మర్నాడు, పని చెయ్యలేదని పక్కన పెట్టిన జంటల్లోంచి ఒకటి తీసి, అందులో ఒక్క మందే వేసింది. పళ్లెం దాని మీద ఇంతెత్తున లేచింది. ఆ గొడవ ఇంకా జోరుగా సాగుతుండగానే, మరుసటి రోజు రెండోది వేసింది. తిట్టు సగంలో ఆగిపోయింది, మర్నాడూ మళ్లీ లేవలేదు. మళ్లీ మళ్లీ చేసి చూసినా అంతే.

ఆస్పత్రిలో అత్తగారికి కూడా అదే వరసలో ఇవ్వడానికి ల్యాబు పెద్దాయన డాక్టర్లని ఒప్పించాడు. ల్యాబంతా సంబరపడింది. కోడలికి మాత్రం ఆ నిశ్శబ్దం తలుచుకుంటే గుండెల్లో గుబులు. పళ్లెం నోరు మూయించిన మందు మంచం మీది మనిషిని వదిలిపెడుతుందా?

మొదటి మందు ఎక్కిన మర్నాడు నర్సు రెండోది ఎక్కించింది. అప్పటికే అత్తగారు దిండు సరిగ్గా పెట్టలేదని కోడల్ని దులిపేస్తోంది. మందు ఒక్కో చుక్కా దిగుతోంది. కోడలు ఆ తిట్టునే చెవి ఒగ్గి వింటోంది. తిట్టు ఆగలేదు. దిండు మీంచి దుప్పటి మీదకి, దుప్పటి మీంచి పెళ్లినాటి సంగతుల మీదకి పోయింది. స్కానులో కణితి చిక్కిపోయి కనిపించడం తర్వాతి మాట. కోడలు అక్కడే మంచం పట్టె మీద తల ఆన్చి ఏడ్చేసింది.

"ఏంటా ఏడుపు?" అంది అత్తగారు. "నేనింకా సగం కూడా చెప్పలేదు."